ఫ్యాన్ లేని ఛార్జర్ కోసం: సాఫ్ట్ స్విచింగ్

అందరికీ నమస్కారం.

విశాఖలో పవర్ సప్లైలు రిపేరు చేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చిన పెట్టె మూత తీస్తే ఉప్పు, చిలుము పట్టిన కనెక్టర్లు కనిపిస్తాయి. ఫ్యాన్ దగ్గర మరీ ఎక్కువ. వేడి బయటికి పంపాలని పెట్టిన ఫ్యానే సముద్రపు తేమను లోపలికి లాగుతుంది. అందుకే మన ఊళ్లో కన్వర్టర్ (కరెంటును ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చే సర్క్యూట్) సామర్థ్యమంటే కరెంటు బిల్లు లెక్క ఒక్కటే కాదు. వేడి తగ్గితే ఫ్యాన్ తీసేసి, పెట్టెను గట్టిగా సీల్ చేయొచ్చు. 3 కిలోవాట్లు ఇచ్చే ఛార్జర్ సామర్థ్యం 92 శాతమైతే దాదాపు 260 వాట్లు వేడిగా పోతాయి. 96 శాతమైతే 125 వాట్లే. మొదటిదానికి ఫ్యాన్ తప్పదు. రెండోదాన్ని రెక్కలున్న అల్యూమినియం పెట్టెలో పెట్టి మూసేయొచ్చు.

ఈ వేడిలో పెద్ద వాటా, కన్వర్టర్ లోపల కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌ది. ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద వోల్టేజీ దాదాపు ఉండదు, ఆఫ్‌లో కరెంటు ఉండదు. చిక్కంతా మారే క్షణంలో ఉంది. అప్పుడు రెండూ కలిసి ఉంటాయి. 400 వోల్టులు, 10 ఆంపియర్లు, ఆన్‌కీ ఆఫ్‌కీ కలిపి 50 నానోసెకన్లు అనుకోండి. ఒక్కో సైకిల్‌లో దాదాపు 100 మైక్రోజౌళ్లు పోతాయి. సెకనుకు లక్ష సార్లు చేస్తే ఒక్క మాస్‌ఫెట్‌లోనే (మన ఛార్జర్లలో స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్ ఇదే) 10 వాట్లు! గాజువాక హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషన్‌లో స్విచ్‌గా వాడే ఒక్కో థైరిస్టర్ సెకనుకు 50 సార్లే ఆన్ అవుతుంది కాబట్టి అక్కడ ఈ బాధ ఇంత ఉండదు. మనకేమో ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది కావాలి, దానికి ఫ్రీక్వెన్సీ పెంచాలి, పెంచిన కొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది.

దీనికి విరుగుడు, మారే క్షణాన్ని ఎంచుకోవడం. ఊగుతున్న ఉయ్యాలను మధ్యలో పట్టుకుంటే చెయ్యి జర్రున లాగేస్తుంది. కొసకు వెళ్లి వెనక్కి తిరగబోయేటప్పుడు పట్టుకుంటే తేలిగ్గా ఆగుతుంది. ఇండక్టర్, కెపాసిటర్ కలిపితే వోల్టేజీ, కరెంటు అలాగే ఊగుతాయి. వోల్టేజీ సున్నాకి వచ్చాక స్విచ్ ఆన్ చేస్తే జీరో వోల్టేజ్ స్విచింగ్, కరెంటు సున్నాకి వచ్చాక ఆఫ్ చేస్తే జీరో కరెంట్ స్విచింగ్. ఈ రెండింటినీ కలిపి సాఫ్ట్ స్విచింగ్ అంటాం.

మాస్‌ఫెట్లకు మొదటిదే ముఖ్యం. మాస్‌ఫెట్ సొంత కెపాసిటెన్స్‌లో దాచుకున్న శక్తి, మామూలుగా ఆన్ చేసిన ప్రతిసారీ దానిలోనే కాలిపోతుంది. ఆన్ చేసేముందే దాన్ని ఖాళీ చేయాలి. ఎల్‌ఎల్‌సీ కన్వర్టర్‌లో (రెండు ఇండక్టర్లు, ఒక కెపాసిటర్‌తో ఊగే రకం) ఆ పని మాగ్నెటైజింగ్ కరెంటు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ను అయస్కాంతంగా మార్చే కరెంటు, చేస్తుంది. పై స్విచ్ ఆఫ్ అయ్యాక కింది స్విచ్ ఆన్ అయ్యేలోపు ఉండే డెడ్ టైమ్‌లో, ఆ కరెంటు కింది స్విచ్ కెపాసిటెన్స్‌ను ఖాళీ చేసి శక్తిని సర్క్యూట్‌కే తిరిగిస్తుంది. ఒక్కో మాస్‌ఫెట్‌కు 300 పికోఫారడ్లు, కన్వర్టర్‌కు వచ్చే డీసీ (బస్) 400 వోల్టులు, కరెంటు 1 ఆంపియర్ అయితే ఇందుకు 240 నానోసెకన్లు పడుతుంది. డెడ్ టైమ్ 150 నానోసెకన్లే పెడితే వోల్టేజీ పూర్తిగా దిగకముందే స్విచ్ ఆన్ అయిపోతుంది. అలాగని మరీ ఎక్కువిస్తే కరెంటు దిశ మారి వోల్టేజీ మళ్లీ లేస్తుంది. ఈ ఒక్క అంకె దగ్గర ఎంత సమయం గడిపినా వృథా కాదు.

సరిగ్గా కుదిరిందో లేదో ఆసిలోస్కోప్‌లో గేట్ (మాస్‌ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే టెర్మినల్) వేవ్‌ఫారమ్ చూస్తే తెలిసిపోతుంది. మామూలు స్విచింగ్‌లో గేట్ వోల్టేజీ పైకి లేస్తూ మధ్యలో ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. దాన్నే మిల్లర్ ప్లాటో అంటాం. డ్రెయిన్ వోల్టేజీ, అంటే స్విచ్ మీది వోల్టేజీ, ముందే సున్నాకి వచ్చి ఉంటే ఆన్ అయ్యేటప్పుడు ఆ మెట్టు ఉండదు, గీత నున్నగా పైకి వెళ్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లను ముందు దీన్నే చూడమంటాను.

ఇదంతా ఉచితంగా రాదు. లోడ్‌కు పనికిరాకుండా లోపలే తిరిగే కరెంటు వల్ల రాగిలోనూ, మాస్‌ఫెట్ ఆన్ నిరోధంలోనూ నష్టం పెరుగుతుంది. మాస్‌ఫెట్ బదులు ఐజీబీటీ (ఇంకో రకం పవర్ ట్రాన్సిస్టర్) అయితే ఆఫ్ చేశాక కూడా కాస్త కరెంటు తోకలా సాగుతుంది, జీరో వోల్టేజ్‌తో ఆన్ చేసినంత మాత్రాన అది పోదు. స్విచింగ్ నష్టం తక్కువుండే సిలికాన్ కార్బైడ్ స్విచ్‌లు వచ్చాయి కదా, ఇంకా ఇదెందుకు అని కొందరు అడుగుతారు. ఫ్రీక్వెన్సీ తక్కువున్న చోట ఆ మాట కొంతవరకు నిజం. పెట్టె చిన్నది కావాలన్నా, ఫ్యాన్ వద్దన్నా నా ఓటు ఇప్పటికీ సాఫ్ట్ స్విచింగ్‌కే.

అసలు పరీక్ష మాత్రం తక్కువ లోడ్ దగ్గర. మీ ఇంట్లో ఇండక్షన్ స్టవ్ సెట్టింగు బాగా తగ్గించి పాలు పెట్టి చూడండి. కాసేపు పొంగబోతాయి, కాసేపు ఊరుకుంటాయి. ఒకే ఐజీబీటీ ఉండే స్టవ్‌లలో పవర్ తగ్గిస్తే కాయిల్‌లో శక్తి చాలదు, వోల్టేజీ సున్నా దాకా దిగదు, ఐజీబీటీ వేడెక్కుతుంది. అందుకే నిరంతరం తక్కువ పవర్ ఇవ్వకుండా కాసేపు నడిపి కాసేపు ఆపుతారు. నాలుగు స్విచ్‌లుండే ఫేజ్ షిఫ్టెడ్ ఫుల్ బ్రిడ్జ్ కన్వర్టర్‌లో ఒక కాలికి, అంటే ఒక జత స్విచ్‌లకు, ఇదే ఇబ్బంది, ఎందుకంటే వోల్టేజీని దించాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ ఇండక్టెన్స్‌లోని శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. లోడ్ సగమైతే శక్తి నాలుగో వంతే.

ఈ-ఆటో ఛార్జర్ బ్యాటరీ నిండే చివరి గంటల్లో సరిగ్గా ఈ తక్కువ లోడ్ దగ్గరే ఉంటుంది. కాబట్టి ఫుల్ లోడ్‌లో 96 శాతం వచ్చిందని ఆగిపోకండి. 10 శాతం లోడ్ పెట్టి, అరగంట నడిపి, అప్పుడు గేట్ వేవ్‌ఫారమ్ మళ్లీ చూడండి. మెట్టు తిరిగి వచ్చిందంటే బర్స్ట్ మోడ్ (స్టవ్‌లోలాగే కాసేపు నడిపి కాసేపు ఆపడం) పెట్టండి, లేదా మాగ్నెటైజింగ్ కరెంటు కాస్త పెంచి రాగిలో ఎంత నష్టపోతున్నామో లెక్క కట్టండి.