మంచం పక్కన ఉన్న మనిషి లెక్క

అందరికీ నమస్కారం. ఇంట్లో మంచాన ఉన్నవారిని తోడికోడలికో పక్కింటివారికో అప్పజెప్పి, గంటలో వచ్చేస్తామని చెప్పి వచ్చినవాళ్లు ఈ ముందు వరసల్లోనే చాలామంది ఉన్నారు. కాబట్టి నేరుగా విషయంలోకి, అంటే మంచాన ఉన్నవారిని చూసుకునేవారి పని లెక్కలోకి వెళ్దాం.

కోనసీమలో ఏ ఊరు వెళ్లినా ఎదురయ్యే ఇల్లొకటి తీసుకుందాం. ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. వానలకు చెట్టు పాచి పట్టి ఉంది, కాలు జారింది. వెన్నుపూస విరిగి రెండు కాళ్లూ పడిపోయాయి, మలమూత్రాల మీద పట్టు పోయింది. ఆ రోజు నుంచి ఆయన భార్య రొయ్యల షెడ్డుకి కూలికి వెళ్లడం మానేసింది. ఆ ఇంట్లో ఆగిపోయినవి రెండు కూలీలు. ప్రభుత్వ కాగితంలో కనబడేది ఒక్కటే.

మానేసిన ఆ కూలి బదులు ఆమె చేస్తున్న పనేమిటో దగ్గరగా చూడండి. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి. అంటే రోజుకి 12 సార్లు, రాత్రి నిద్రలో కూడా. తిప్పినప్పుడల్లా నడుం కింది ఎముక, తుంటి, మడమలు చూడాలి. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు ఒక్క క్షణం పోయి మళ్లీ రావాలి. నొక్కినా పోలేదంటే అది పుండుకి మొదలు. చాలా ఇళ్లలో రబ్బరు ట్యూబులో గాలి కొట్టి నడుం కింద పెడుతున్నారు. దయచేసి మానేయండి. ట్యూబు అంచు చుట్టూ ఒత్తేసి మధ్యలో ఉన్న చర్మానికి రక్తం అందనివ్వదు, పుండు ఇంకా లోతవుతుంది. మడమలకైతే పిక్కల కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా గాల్లో ఉంచాలి. దీనిపైన మూత్రం పైపు శుభ్రం, స్నానం, బట్టలు, మందులు. ఇదంతా పని. దీనికి గంటలున్నాయి, నైపుణ్యం ఉంది. మన దగ్గర దీనికి కూలీ లేదు, పేరు కూడా లేదు. ‘ఇంట్లోనే ఉంటోందండీ’ అంటారు.

ఇప్పుడు వచ్చేదేమిటో చూద్దాం. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతోనో ప్రమాదంలోనో మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000. అంతకుముందు ఇవి 3,000, 5,000 ఉండేవి. పెంపు చిన్నది కాదు, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది దాంతోనే. అయితే ఆ డబ్బు మంచం మీద ఉన్న మనిషి పేరున వస్తుంది. ఆయన కన్నుమూసిన నెల నుంచి ఆగిపోతుంది. పదేళ్లు సేవ చేసిన ఆమె ఆ రోజుకి చేతిలో పని లేకుండా, నడుం అరిగిపోయి మిగులుతుంది.

వీటన్నిటికీ తలుపు ఒక్కటే, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు కొలిచి ఇచ్చే సదరం సర్టిఫికెట్. అందులో 40 శాతం ఉంటేనే పింఛను. తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాం.

ఆ పరీక్షకి స్లాటు మీసేవలో గానీ సచివాలయంలో గానీ బుక్ చేస్తారు. అప్పుడు వైకల్యం రకం ఏదని అడుగుతారు. పక్షవాతం వచ్చినవారికి కాలూ చెయ్యితోపాటు మాట కూడా పోయి ఉంటుంది. ‘కాలు చెయ్యి పడిపోయిందండీ’ అని ఊరుకుంటే శారీరక వైకల్యం ఒక్కటే పడుతుంది, ఎముకల డాక్టరు దాన్ని మాత్రమే కొలుస్తారు. రెండూ ఉంటే రెండూ రాయించండి. ఇక్కడ ఇంకో అపోహ ఉంది. కాలికి 60, మాటకి 40 వేశారు, మరి 100 రావాలి కదా అని గొడవపడతారు. రెంటినీ కలిపే పద్ధతి కూడిక కాదు. పెద్ద అంకెని 90 నుంచి తీసేయండి, 30 మిగులుతుంది. దాన్ని చిన్న అంకెతో, అంటే 40తో గుణించి 90తో భాగించండి, 13 పైచిలుకు వస్తుంది. దాన్ని 60కి కలిపితే 73. అదే మీ శాతం. ఈ లెక్క తెలిస్తే ఎక్కడ అన్యాయం జరిగిందో, ఎక్కడ జరగలేదో మీకే తెలుస్తుంది.

సదరం పరీక్ష జరిగే క్యాంపుకి ఉత్త చేతులతో వెళ్లొద్దు. ఆధార్, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, స్కానింగు, ఎక్స్‌రే, వాడుతున్న మందుల చీటీలు అన్నీ ఒకే సంచిలో ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, ఆసుపత్రి కాగితంలో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించండి. ఇంకా వైద్యం నడుస్తుండగా వెళితే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే పింఛనుకి ఇబ్బంది. రెండు మూడు నెలల ముందే మళ్లీ స్లాటు అడగండి.

ఇక పిల్లల తల్లులకి ఒక మాట. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయంలో డాక్టరు పిల్లాణ్ణి ఎంత చూస్తారో తల్లిని అంత అడుగుతారు. తనంతట తాను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, దొడ్డికి వెళ్లొస్తాడా, వీధిలోకి ఒక్కడే వెళ్లగలడా అని అడిగి మార్కులు వేస్తారు. మార్కు 55 నుంచి 69 దాకా వస్తే 50 శాతం వైకల్యం. 36 నుంచి 54 అయితే 75 శాతం. 21 నుంచి 35 అయితే 90. 20 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే 100. 70 నుంచి 84 అయితే 25 శాతమే, అంటే పింఛను లేదు.

అక్కడ ఏం జరుగుతుందంటే, ‘అన్నం తింటాడా అమ్మా?’ అని అడుగుతారు. ‘తింటాడండీ’ అంటుంది తల్లి. అబద్ధం కాదు. కానీ ఆ అన్నం కలిపింది ఆమె, ముల్లు తీసింది ఆమె, ముద్ద చేసి చేతిలో పెట్టింది ఆమె, మూతి తుడిచింది ఆమె. ఇరవై ఏళ్ల కొడుక్కి. ఆమెకి అది పనిలాగే అనిపించదు కాబట్టి చెప్పదు. పైగా నలుగురిలో బిడ్డని తక్కువ చేసి మాట్లాడటం ఏ తల్లికీ మనసొప్పదు. ఆ ఒక్క మాటతో మార్కు పెరుగుతుంది, శాతం తగ్గుతుంది. లేనిది చెప్పమని మేము అనడం లేదు. ఉన్నది మొత్తం చెప్పండి. ‘ముద్ద చేసి పెడితే తింటాడు, కలుపుకోవడం రాదు’ అనండి. ‘నేను తీసుకెళితే వెళతాడు, కడుక్కోవడం రాదు’ అనండి. క్యాంపుకి వెళ్లే ముందు వారం రోజులు ఒక నోటుబుక్కులో రాసుకోండి, ఎన్నింటికి ఏం చేశారో, ఎంతసేపు పట్టిందో. చదువు రాకపోతే ఇంట్లో బడికెళ్లే పిల్లల చేత రాయించండి. ఈ నోటుబుక్కు గురించి మళ్లీ వస్తాం.

చిన్న పిల్లల సర్టిఫికెట్టు ఒక్కసారితో అయిపోదు. 5, 10, 18 ఏళ్ల వయసుల్లో మళ్లీ పరీక్ష ఉంటుంది.

2025లో రాష్ట్రమంతా మళ్లీ పరీక్షలు జరిపారు. 40 లోపు వచ్చిందని కొందరికి పింఛను ఆపుతున్నట్టు, కొందరికి 15,000 నుంచి 6,000కి మారుస్తున్నట్టు నోటీసులు వెళ్లాయి. అలాంటి నోటీసు వస్తే బల్ల సొరుగులో పెట్టొద్దు. పల్లెల్లో ఎంపీడీవో దగ్గర, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు పెట్టండి. ఇచ్చిన అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. సర్టిఫికెట్ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవడం దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇవ్వండి.

పింఛను ఇచ్చే ఒకటో తేదీన వేలిముద్ర పడకపోవడం ఇంకో బాధ. పక్షవాతం వచ్చిన చెయ్యి ముడుచుకుపోయి ఉంటుంది, లాగితే నొప్పి. సచివాలయం సిబ్బంది దగ్గర కంటిపాప, ముఖం గుర్తించే పద్ధతులూ ఉన్నాయి, అవి అడగండి.

బిడ్డకి 18 నిండితే చట్టం ముందు తల్లిదండ్రులు ఇక సంరక్షకులు, అంటే గార్డియన్లు, కారు. ఈ సంగతి చాలామందికి బ్యాంకు గుమ్మం దగ్గరే తెలుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కోర్టుకి వెళ్లక్కర్లేదు. సంరక్షకులైనవారు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఆ తర్వాత ఏటా లెక్కలు ఇవ్వాలి. అదే ట్రస్టులో నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఈ నాలుగు వైకల్యాలవారు తప్పకుండా చేరాల్సింది.

ఇప్పుడు ఆ నోటుబుక్కు దగ్గరికి వద్దాం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘సంరక్షకుడు’ అంటే ఎవరో నిర్వచించింది. ఇక్కడ ఆ మాటకి అర్థం గార్డియన్ కాదు, దగ్గరుండి చూసుకునే మనిషి. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా దివ్యాంగుడికి సేవ చేసే ఎవరైనా, తల్లిదండ్రులూ ఇంటివారూ సహా అంది. 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షక భత్యం ఇచ్చే పథకం ఉండాలని రాసింది. 38వ సెక్షన్‌లో, ఆ అవసరం ఎంతో తేల్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చంది. అంటే ఆమె పని చట్టానికి తెలుసు. తెలియనట్టున్నది పథకాలే. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే, కానీ అది ఆమె పేరున వచ్చే డబ్బు. మన దగ్గర చట్టప్రకారం చూసుకునేవారికి నేరుగా దక్కే లాభం చెప్పమంటే ఆదాయపు పన్ను పాత విధానంలో 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు. అది పన్ను కట్టేవారికి. రొయ్యల షెడ్డు మానేసిన ఆమెకి అందులో పైసా రాదు.

బ్రిటన్‌లో ఇలా చూసుకునేవారికి ఇచ్చే భత్యం 1976లో మొదలైంది. మొదట్లో పెళ్లయిన ఆడవాళ్లకి ఇవ్వలేదు. ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా అన్నది వాళ్ల వాదన. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకుని, యూరప్ కోర్టు దాకా పోరాడితే 1986లో ఆ నిబంధన పోయింది. ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా అన్న మాట మన వీధి అరుగుల మీదా వినబడేదే.

అందుకని మేము కోరేది ఇది. 24, 38 సెక్షన్లు పేర్కొంటూ, మీ నోటుబుక్కులో వారం రోజుల పుటలు నకలు తీసి జతచేసి, సంరక్షక భత్యం కోసం జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖకి అర్జీ పెట్టండి. నెలకో పది అర్జీలు గంటల లెక్కతో సహా వెళ్తే ఆ ఫైలుని పక్కన పెట్టడం కష్టం. ఉత్త కష్టం చెప్పుకుంటే సానుభూతి వస్తుంది. ‘రోజుకి 12 సార్లు తిప్పడం, మొత్తం తొమ్మిది గంటలు’ అని రాసిస్తే జవాబు రాయాల్సి వస్తుంది.

చివరగా గోదావరి లంకల వారికి, వరద రోజుల గురించి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నడవగలిగినవారు కాస్త ఆగినా దాటగలరేమో. కాజ్‌వే మునిగాక మంచాన ఉన్న మనిషిని నావలోకి ఎక్కించడం నలుగురి పని, అందులో పైపు లాగేసుకుంటే ప్రమాదం. మొదటి హెచ్చరికకే కదలండి. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు యంత్రాంగం దివ్యాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి. జూన్‌లోపే సచివాలయానికి వెళ్లి మీ ఇంటి పేరు ఉందో లేదో చూసుకోండి. రాయించేటప్పుడు ఆయన పేరు పక్కన ఆమె పేరూ రాయించండి. నావలో ఆ ఇంటికి రెండు చోట్లు కావాలి, పునరావాస కేంద్రంలో రెండు పడకలు. సర్టిఫికెట్, ఆధార్, మందుల చీటీ, పదిహేను రోజుల మందులు, మార్చుకోవడానికి రెండు మూత్రం సంచులు ప్లాస్టిక్ కవరులో చుట్టి మంచం తలవైపు వేలాడదీసి ఉంచండి.