మందు ఏ గంటకు ఇచ్చాం?

అందరికీ నమస్కారం. వందన సమర్పణలు అధ్యక్షులవారే పూర్తి చేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ మీద ఒళ్లు చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం. అందులో గుండె నీరసపడేది రక్తనాళాలు పూడుకుపోయి కాదు. ఇన్ఫెక్షన్‌తో ఒళ్లు పోరాడేటప్పుడు పుట్టే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ లాంటి పదార్థాలు గుండె కండరాన్ని కుంగదీస్తాయి. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కాల్షియం రాకపోకలు తప్పుతాయి. అయితే ఆ కండరం చాలావరకు చచ్చిపోదు. బతికి బయటపడ్డవాళ్లలో పంపింగ్ పది రోజుల్లోపు మామూలైందని 1984లోనే పార్కర్ బృందం చూపించింది. ఆ ఆశే నన్ను ఈ పనిలోకి లాక్కొచ్చింది.

తర్వాత మందుల గురించి చెప్పాలని రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను, ముందు ఈ సంగతి చెప్పాలి.

మా మొదటి ప్రయోగంలో చిట్టెలుకలకు మత్తిచ్చి, పెద్దపేగు మొదలును దారంతో కట్టి, సూదితో గుచ్చాం. లోపలి మలం పొట్టలోకి కారి సెప్సిస్ మొదలవుతుంది. గుండెను కాపాడుతుందేమో అని మేం పరీక్షిస్తున్న మందు మాత్రం దానికి గంట ముందే ఇచ్చాం. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె చక్కగా కొట్టుకుంది. పేపర్ అచ్చయింది. ఒక సభలో ఐసీయూ డాక్టరుగారు లేచి అడిగారు: "అమ్మా, మా పేషెంటు జబ్బు రావడానికి గంట ముందు వస్తాడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మళ్లీ చేశాం. ఈసారి సెప్సిస్ మొదలుపెట్టాక ఆరు గంటలు ఆగి మందు ఇచ్చాం. ఆసుపత్రిలో ఇచ్చినట్టే యాంటీబయాటిక్, సెలైన్ ఇచ్చాం, నొప్పికి మందు కూడా. ఎకో తీసేవారికి ఏ ఎలుకకు ఏమిచ్చామో చెప్పలేదు. మందు ఇచ్చిన, ఇవ్వని రెండు గుంపుల గుండెలకూ తేడా కనిపించలేదు.

లెవోసిమెండాన్ సంగతి మీకు తెలుసు. గుండె బలాన్ని పెంచే మందే. 516 మంది సెప్సిస్ రోగులతో జరిగి, 2016లో అచ్చయిన లియోపార్డ్స్ ట్రయల్‌లో అవయవాల వైఫల్యం తగ్గలేదు. మన ఎలుకలు రెండు మూడు నెలల వయసువి, ఏ జబ్బూ లేనివి. ఐసీయూలో మంచం మీద ఉండేది చాలాసార్లు బీపీ, షుగర్ ఉన్న పెద్దవయసు మనిషి.

పిల్లలూ, ముందు వరుసలో కూర్చున్నవాళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ ఎలుక మన కోసం నొప్పి పడింది. ముసలి ఎలుకల్ని, ఆడ ఎలుకల్ని కూడా తీసుకోండి. మందు ఏ గంటకు ఇచ్చారో పేపర్‌లో దాచకుండా రాయండి.

మా రెండో ఫలితాన్ని ఒక పత్రిక "కొత్తదనం లేదు" అని తిప్పి పంపింది. మొదటిదాన్ని ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు. అందుకే రెండోదాని కాపీలు తెచ్చాను. తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి, దయచేసి తలా ఒకటి తీసుకెళ్లండి.