గచ్చిబౌలిలో గ్రౌండ్ ఉంది, జట్టే లేదు

అందరికీ నమస్కారం. పాత హోమ్ గ్రౌండ్ అంటే మామూలుగా పోయిన గ్రౌండ్ గురించే చెప్పుకుంటారు. ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఫుట్‌బాల్ క్లబ్ 1902 నుంచి ఆడిన గోల్డ్‌స్టోన్ గ్రౌండ్ 1997లో చేజారింది. ఇప్పుడక్కడ షాపులున్నాయి, క్లబ్ మాత్రం బతికే ఉంది. మన దగ్గర తిరగబడింది. గచ్చిబౌలి స్టేడియం ఉన్నచోటే ఉంది, అక్కడ ఆడిన మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ వెళ్లిపోయింది.

అసలది ఫుట్‌బాల్ కోసం కట్టింది కాదు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టి, ఆ ఏడాదే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్. దాంతో గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నా ఆట దూరమే. జెర్సీ నంబరు చదవాలంటే కళ్లు చికిలించాల్సిందే.

2019 నవంబరు 2న ఇండియన్ సూపర్ లీగ్‌లో మన తొలి హోమ్ మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. వాళ్ల రంగూ పసుపే, మనదీ పసుపే! ఎవరు ఎవరి మనిషో గోల్ పడ్డాక అరుపును బట్టి తేల్చుకోవాలి. ముందు కేరళ తరఫున కె.పి. రాహుల్ కొట్టాడు. మన స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మన మార్సెలినో ఫ్రీకిక్ గోల్, 2-1తో గెలుపు. ఆ సీజన్‌లో మొత్తం గెలిచింది రెండే మ్యాచ్‌లు, ఆఖరి స్థానం. అయినా నాకు గచ్చిబౌలి అంటే ఆ ఫ్రీకిక్కే.

తర్వాత కరోనా. రెండు సీజన్లు లీగంతా గోవాలోనే. ఇక్కడ గచ్చిబౌలి స్పోర్ట్స్ టవరేమో టిమ్స్ అనే కరోనా ఆసుపత్రి అయింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో లీగ్ ఫైనల్. మళ్లీ కేరళే, మళ్లీ ముందు కొట్టింది రాహులే. 88వ నిమిషంలో మన సాహిల్ టవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు, కప్పు మనకొచ్చింది. ఛాంపియన్లయిన ఆ సీజన్‌లో సొంత గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు.

గచ్చిబౌలికి తిరిగొచ్చిన ఏడాది లీగ్‌లో రెండో స్థానం. ఆ పైన డబ్బుల గొడవ: జీతాలు అందలేదు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం, ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

కోపమొస్తుంది, నిజమే. కానీ 2019లో మనకు జట్టు వచ్చింది ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలోనే. అప్పుడు పుణె వాళ్లకెలా ఉందో మనలో ఎవరమూ అడగలేదు.