సోలాపూర్ ఆడం మాస్టర్: ఓట్లూ ఇళ్లూ

అందరికీ నమస్కారం.

ఒక శాసనసభ్యుడి ఎన్నికల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సిరిసిల్లలో ఆ మాట అనగానే అందరికీ గుర్తొచ్చేది చెన్నమనేని రాజేశ్వరరావు గారే. ఆయన గురించి నాకంటే మీకే బాగా తెలుసు, కాబట్టి నేను ఆయన జోలికి పోను. ఇక్కడి నుంచే బతుకుదెరువు కోసం వెళ్ళిన మనవాళ్ళున్న ఊరు మహారాష్ట్రలోని సోలాపూర్. అక్కడి ఒక తెలుగు ఎమ్మెల్యే గురించి చెప్తాను. పేరు ఆడం నర్సయ్య. మరాఠీ వాళ్ళు ఇంటిపేరు చివర పెడతారు కాబట్టి పత్రికల్లో నర్సయ్య ఆడం అని కనబడుతుంది. ఊళ్ళో మాత్రం పిల్లా పెద్దా అందరికీ ఆయన ఆడం మాస్టరే.

మీలో చాలామందికి సోలాపూర్‌లో మేనమామలో చిన్నాయనలో ఉండే ఉంటారు. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు జిల్లాల పద్మశాలీలు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ అక్కడికి పోతూనే ఉన్నారు. మొదట చేతిమగ్గాలు, తర్వాత మిల్లులు, ఆ తర్వాత సాంచాలు, అంటే మరమగ్గాలు. సోలాపూర్ చద్దరు లేని ఇల్లు మన దగ్గర ఉండేది కాదు. నేసిన చేతులు కూడా చాలావరకు మనవేనన్న సంగతి మాత్రం కప్పుకున్నవాళ్ళకు పట్టేది కాదు. ఊరికి తూర్పున ఉన్న భాగాన్ని పూర్వభాగ్ అంటారు. అక్కడ ఇప్పటికీ మార్కండేయుడి గుడి ఉంది, శ్రావణ పున్నానికి ఊరేగింపు ఉంటుంది, బతుకమ్మ ఉంటుంది. మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీల మీద. ఈ లెక్క సిరిసిల్ల వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆడం మాస్టర్ పుట్టింది మిల్లు కార్మికుడి ఇంట్లో. తండ్రి లక్ష్మీ విష్ణు మిల్లులో పని చేసేవాడు. కొడుకు ఎర్రజెండా పట్టుకుని సంఘాల్లోంచి పైకి వచ్చాడు. 1978లో సీపీఎం టికెట్ మీద శాసనసభకు మొదటిసారి గెలిచాడు. ఎమర్జెన్సీ తర్వాతి ఎన్నికలు, కాంగ్రెస్ రెండుగా చీలి ఉన్న సమయం. మహారాష్ట్రలో సీపీఎంకు ఆ ఏడు 9 సీట్లు వచ్చాయి. అన్ని సీట్లు ఆ పార్టీకి మళ్ళీ ఎన్నడూ రాలేదు. అయితే ఆ సభ బతికింది రెండేళ్ళే. 1980లో రద్దయింది. మాస్టర్ మళ్ళీ సభలో అడుగు పెట్టడానికి 1995 దాకా పట్టింది. 1999లో పోయింది, 2004లో మళ్ళీ వచ్చింది. ఆ సభలో సీపీఎం సభ్యులు ముగ్గురే. తక్కిన ఇద్దరూ ఆదివాసీ నియోజకవర్గాల నుంచి వచ్చినవాళ్ళు. పట్నం నడిబొడ్డున కార్మికవాడ నుంచి గెలిచింది ఈయన ఒక్కడే.

ఇప్పుడు అదే జిల్లాలోంచి ఇంకొకాయన్ని తెచ్చి పక్కన నిలబెడతాను. సాంగోలా నియోజకవర్గం, గణపతరావు దేశ్‌ముఖ్. ఆయన పార్టీ శేత్కరీ కామ్‌గార్ పక్షం, అంటే రైతుల, కార్మికుల పార్టీ. అదీ ఎర్రజెండానే. 1962లో మొదలుపెట్టి 2014 దాకా 11 సార్లు గెలిచాడు. 1972లో ఒకసారి ఓడితే, గెలిచినాయన చనిపోవడంతో 1974లో వచ్చిన ఉపఎన్నికలో మళ్ళీ గెలిచాడు. రెండో ఓటమి 1995లో, 192 ఓట్ల తేడాతో. విచిత్రం చూడండి, మాస్టర్ పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ గెలిచిన ఏడాదే దేశ్‌ముఖ్ ఓడిపోయాడు. ఆయన్ని ఓడించిన శహాజీబాపు పాటిల్ పేరు మీరు వినే ఉంటారు. 2022లో శివసేన చీలి ఎమ్మెల్యేలు గువాహటి హోటల్‌లో దిగినప్పుడు, ఆ కొండలనూ చెట్లనూ పొగుడుతూ ఫోన్లో మాట్లాడి దేశమంతా నవ్వించింది ఆయనే. దేశ్‌ముఖ్ మాత్రం 1999లో తిరిగి వచ్చి మరో మూడు ఎన్నికలు వరసగా గెలిచి, వయసు మీద పడ్డాక 2019లో తానే తప్పుకున్నాడు. 2021 జులైలో సోలాపూర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు.

ఒకే జిల్లా, ఒకే రంగు జెండా. ఇద్దరి మీదా డబ్బు మచ్చ లేదు, ఇద్దరూ జనంలో తిరిగినవాళ్ళే. ఒకాయనకు పదకొండు, ఇంకొకాయనకు మూడు. ఎందుకు?

దేశ్‌ముఖ్ గొప్పవాడు కాబట్టి అని సరిపెట్టుకోవచ్చు. నాకు ఆ జవాబు ఆనదు. సాంగోలా కరువు నేల. అక్కడి ఓటరు రైతు. దానిమ్మ తోట వేసుకున్నవాడు కరువొచ్చినా ఆ నేలను వదలడు. నీళ్ళ కోసం దేశ్‌ముఖ్ కొట్లాడితే ఆ నీళ్ళు తండ్రి పొలానికి వచ్చాయి, కొడుకు తోటకూ వచ్చాయి. తండ్రి ఓటు కొడుక్కి వారసత్వంగా దిగింది. మనవళ్ళ సంగతీ చూడండి. 2019లో ఒక మనవడు అదే శహాజీబాపు చేతిలో వెయ్యికి లోపు ఓట్ల తేడాతో ఓడితే, 2024లో ఇంకో మనవడు సాంగోలా గెలిచి సభకు పోయాడు.

సోలాపూర్ పట్నం అలా కాదు. మాస్టర్ కాళ్ళ కింద నేలే కదిలిపోయింది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు అంటే గేటు దగ్గర ఒక్క సభ పెడితే మూడు షిఫ్టుల జనం వినే చోటు. అది పోయి సాంచాల షెడ్లు మిగిలాయి, షెడ్డుకి నలుగురైదుగురు. సంఘం పెట్టాలంటే ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాలో ఇక్కడ సాంచాలు నడిపించే ఆసాములకు తెలుసు. బీడీ కార్మికులైతే గుమ్మం బయటికే రారు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని, చుట్టి, మళ్ళీ అప్పజెప్పి వస్తారు. యజమాని ఎవరో చాలామందికి ముఖం తెలియదు, తెలిసింది మధ్యలో ఉండే గుత్తేదారు, టేకేదారే. అటువంటి ఆడవాళ్ళను వేల సంఖ్యలో సంఘంలోకి తేవడమే మాస్టర్ చేసిన అసలు పని అని నేననుకుంటాను. వెయ్యి బీడీలకు కూలి ఎంత, బాగాలేవని ఛాట్ బీడీల పేరుతో ఎన్ని తీసి పారేస్తున్నారు, పీఎఫ్ పుస్తకం ఉందా లేదా... ఆయన ప్రసంగాలు వీటి చుట్టూనే. సభలో మరాఠీలో మాట్లాడి, పూర్వభాగ్‌కి వచ్చి తెలుగులో మాట్లాడేవాడు. ఆ తెలుగులో సగం మరాఠీ కలిసి ఉంటుందనుకోండి, మన దగ్గరికొచ్చిన సోలాపూర్ చుట్టాల మాటలాగే.

ఆ సంఘం నుంచే ఇళ్ళ ఉద్యమం పుట్టింది. దీనికి ఒక చట్టం దన్నుగా ఉంది. 1976లో పార్లమెంటు బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసింది. తయారయ్యే బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో కార్మికులకు వైద్యం, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇంటికి సాయం చేయాలి. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు పోయింది, అది వేరే గోస. చట్టం దేశమంతటా ఉంది. దాన్ని పట్టుకుని ఒకేచోట 10,000 ఇళ్ళు అడిగింది మాత్రం సోలాపూర్ ఆడవాళ్ళు. ఊరి బయట కుంభారి దగ్గర భూమి తీసుకున్నారు. ఒక్కో ఇంటికి అయ్యే ఖర్చులో కేంద్రం 20 వేలు, రాష్ట్రం 20 వేలు, బీడీలు చుట్టే ఆడమనిషి 20 వేలు. ఆ మూడో వాటా కూడబెట్టడానికి ఎన్ని లక్షల బీడీలు చుట్టాలో మీరే లెక్క కట్టుకోండి. కాలనీకి వార్లీ ఆదివాసీల పోరాట నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు అందజేశారు. అప్పుడు మాస్టర్ ఎమ్మెల్యే. ఢిల్లీలో ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నడుస్తున్న రోజులు అవి. కాలం కలిసొచ్చింది, కాదనను. కానీ కాలం చాలామందికి కలిసొస్తుంది, ఇళ్ళు అందరూ కట్టించరు కదా.

మూడేళ్ళు తిరిగేసరికి 2009 ఎన్నికలు వచ్చాయి. మాస్టర్ ఓడిపోయాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత జరిగిన మొదటి ఎన్నిక అది. ఆయన గెలుస్తూ వచ్చిన సోలాపూర్ సిటీ సౌత్ పటంలోంచే మాయమైంది. సోలాపూర్ సిటీ సెంట్రల్ అనే కొత్త నియోజకవర్గంలో నిలబడాల్సి వచ్చింది. ఎదుట సుశీల్‌కుమార్ షిండే కూతురు ప్రణీతి షిండే. తండ్రి కేంద్రమంత్రి, అంతకు ముందు ముఖ్యమంత్రి, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానికి గవర్నరుగా కూడా చేసినాయన. దీని మీద ఇంకొక దెబ్బ. కుంభారిలో ఇల్లు వచ్చిన కుటుంబం అక్కడికి మారితే ఓటు కూడా అక్కడికే మారుతుంది. కుంభారి సోలాపూర్ పట్నం సీటులో లేదు. అంటే ఆయన కట్టించిన ప్రతి ఇల్లూ ఆయన ఓటర్ల జాబితాలోంచి ఒక కుటుంబాన్ని తీసుకుపోయింది. ఇళ్ళతో ఓట్లు కొనాలనుకునే నాయకుడెవడూ ఆ స్థలం ఎంచుకోడు.

ఆ తర్వాత 2014, 2019 ఎన్నికల్లోనూ ఆయన నిలబడ్డాడు. రెండుసార్లూ గెలిచింది ప్రణీతి షిండేనే, ఈయన ఓట్లు మాత్రం అంతకంతకూ తగ్గాయి. పోటీ నలుగురైదుగురి మధ్య చీలింది. 2014లో శివసేన మహేష్ కోఠేను నిలబెట్టింది, ఆయనా పద్మశాలీయే. తెలుగు ఓటు తెలుగు ఓటే కదా అనుకోకండి, మనవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఒక పార్టీలో లేరు. కాంగ్రెస్ నుంచి గంగాధర్ కూచన్, బీజేపీ నుంచి లింగరాజ్ వల్యాల్ సోలాపూర్ ఎంపీలుగా చేశారు, ఇద్దరూ మనవాళ్ళే. ముస్లిం సాంచా కార్మికుల ఓటు మజ్లిస్‌కి మళ్ళింది. 2014లోనూ 2019లోనూ రెండో స్థానం మజ్లిస్‌దే. హైదరాబాదు నుంచి వెళ్ళిన పార్టీ, తెలంగాణ నుంచి వెళ్ళిన కుటుంబంలో పుట్టిన నాయకుడిని మహారాష్ట్ర ఊళ్ళో వెనక్కి నెట్టింది. కూలి రేటు గురించి మాట్లాడే సంఘంలో పద్మశాలీ, ముస్లిం కార్మికులిద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. పోలింగు రోజు కులం, మతం ఎవరి దారిన వాళ్ళను తీసుకుపోయాయి.

ఇన్ని ఓటముల మధ్యలోనే ఆయన జీవితంలోకెల్లా పెద్ద పని నడుస్తూ ఉంది. ఈసారి 30,000 ఇళ్ళు. అదే కుంభారి, పేరు రేనగర్. బీడీ కార్మికులతో పాటు సాంచా కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్ళు, ఇంకా ఏ సంఘటిత రంగంలోనూ లేని పేదలు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇంటికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష, తక్కినది లబ్ధిదారు పెట్టుకోవాలి. 2019 జనవరిలో శంకుస్థాపనకు నరేంద్ర మోదీ వచ్చారు. వేదిక మీద మాస్టర్ ప్రధానినీ ముఖ్యమంత్రి ఫడ్నవీస్‌నూ మెచ్చుకుంటూ మాట్లాడాడు. అప్పటికి ఆయన సీపీఎం రాష్ట్ర కార్యదర్శి, కేంద్ర కమిటీ సభ్యుడు. పార్టీ ఊరుకుంటుందా? కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది.

ఈ విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. పార్టీ చేసింది పార్టీ కోణంలో న్యాయమే. ఎన్నికలు నాలుగు నెలల్లో ఉన్నాయి, ఎదుటి పక్షం నాయకుడిని తన వేదిక మీద పొగిడితే కింద జెండా మోసేవాడి పరిస్థితి ఏమిటి? మాస్టర్ చేసిందీ ఆయన కోణంలో న్యాయమే. ముప్పై వేల మంది చేతుల్లో ఇంటి కాగితం ఉంది, సంతకం పెట్టాల్సినవాడు పక్కనే కూర్చున్నాడు. మూడు నెలల శిక్షను నోరు మూసుకుని భరించి, పార్టీ మారకుండా ఉండిపోయాడే, నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడ. మారి ఉంటే టికెట్టు ఇచ్చేవాళ్ళు లేకపోలేదు.

2024 జనవరి 19న మోదీ మళ్ళీ వచ్చి, పూర్తయిన 15,000 ఇళ్ళు అప్పగించారు. చిన్నప్పుడు ఇలాంటి ఇల్లు తనకూ ఉంటే ఎంత బాగుండేదోనని ఆయన గొంతు పూడుకుపోయిన వీడియో మీ ఫోన్లలో కూడా తిరిగి ఉంటుంది. ఆ ఇళ్ళ వెనక ఎవరి ఉద్యమం ఉందో తెలుగు ఛానళ్ళలో చెప్పినవాళ్ళు తక్కువ. ఆ తర్వాత లోక్‌సభ ఎన్నికల్లో సీపీఎం కూటమి ధర్మం పాటించి కాంగ్రెస్ వైపు నిలిచింది. అభ్యర్థి ఎవరనుకున్నారు? మాస్టర్‌ను మూడుసార్లు ఓడించిన ప్రణీతి షిండేనే. ఆమె ఎంపీ అయింది, అసెంబ్లీ సీటు ఖాళీ అయింది. బదులుగా ఆ సీటు తమకు వస్తుందని సీపీఎం ఆశపడింది. కాంగ్రెస్ వదల్లేదు, తన అభ్యర్థిని దింపింది. ఎనభైకి దగ్గరపడ్డ మాస్టర్ మళ్ళీ పోటీ చేశాడు. గెలిచింది బీజేపీ దేవేంద్ర కోఠే, రెండోది మజ్లిస్.

దీన్ని జనం కృతఘ్నత అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఇల్లు బీడీ చుట్టే ఆడమనిషి హక్కు, ఇరవై వేలు ఆమె కూడా పెట్టింది, ఉద్యమంలో ఆమె కూడా నడిచింది. ఓటు దానికి వడ్డీ కాదు. ఆ మాట కొస్తే ఆ పార్టీని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 1978 నుంచి 2024 దాకా పోస్టరు మీద ఒకే ముఖం ఎందుకు ఉంది? సంఘంలో వేలమంది ఆడవాళ్ళున్నారు. బీడీ చుట్టే చేతుల్లోంచి ఒక్క అభ్యర్థి కూడా సోలాపూర్ అసెంబ్లీ సీటుకు ఎందుకు తయారు కాలేదు? సాంగోలాలో వారసత్వం కుటుంబంలోకి పోయింది, సోలాపూర్‌లో వారసత్వం ఎక్కడికీ పోలేదు. రెండూ నాకు నచ్చలేదు.

కుంభారిలో ఇప్పుడు పాతవీ కొత్తవీ కలిపి ఒక పట్నమంత జనాభా పోగవుతోంది. బళ్ళు, బస్సులు, నీళ్ళు, అన్నీ కొత్తగా అడగాల్సినవే. అక్కడి ఓట్లు ఇప్పుడు గ్రామీణ సీటులో కలిసిపోయి ఉన్నాయి. జనగణన తర్వాత నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీసినప్పుడు, ఆ ఇళ్ళన్నీ ఒకే సీటులో పడతాయా, రెండుగా చీలతాయా అన్నది చూడాలి. ఒకే సీటులో పడితే, అక్కడ పోటీకి దిగేవాళ్ళు బీడీ కూలి రేటు తెలియకుండా ఓటు అడగలేరు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. సోలాపూర్‌లో చుట్టాలున్నవాళ్ళు నా మాటల్లో తప్పుంటే లేచి చెప్పండి, మొహమాటపడకండి.