‘ఒక్కటే’ అన్న మాటతో ఓడిపోయిన

హోస్ట్: నమస్కారం. ఇవాళ స్టూడియోలో లేను, నారాయణగూడలో మా సార్ వాళ్లింటి డాబా మీది గదిలో ఉన్నాను. మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే మన్నించాలి. సార్ నాకు డిగ్రీలో తెలుగు చెప్పారు. నెలనెలా రెండో ఆదివారం ఒక చర్చావేదికకి వెళ్తారు, దగ్గరదగ్గర ముప్పై ఏళ్లుగా. వేదిక పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

సార్: చెప్తే మా సెక్రటరీ ఊకోడు బిడ్డా. పేరు బయటపెట్టనీకి ముందు తీర్మానం పాస్ చేయాలంటడు.

హోస్ట్: (నవ్వు) అక్కడి నుంచే మొదలుపెడదాం. తీర్మానం అంటే టాపిక్కే కదా?

సార్: కాదు. ‘మూసీ’ అనేది టాపిక్. దాని మీద గంటసేపు మాట్లాడొచ్చు, ఎవ్వడూ ఓడిపోడు. ‘మూసీ ఒడ్డున ఇండ్లు తీసేయాలె’ అంటే తీర్మానం. చేతులెత్తే టైముకు అవుననో కాదనో తేల్చాలె. బళ్లె పెట్టేటోళ్లు చూడు, కత్తి గొప్పదా కలం గొప్పదా అని. అసొంటిది మేం ఎన్నడూ పెట్టం.

హోస్ట్: అయ్యో, నేను ఏడో తరగతిలో దాంట్లో ప్రైజు కొట్టాను సార్!

సార్: కలం దిక్కు మాట్లాడి ఉంటవ్.

హోస్ట్: ...అవును.

సార్: మార్కులేసే సారు చేతిల ఉన్నది ఏంది? కలం. కత్తి దిక్కు నిలబడ్డ పిలగాడు స్టేజీ ఎక్కకముందే ఓడిపోయిండు. రెండు దిక్కులా గెలిచే సందు లేకుంటే అది తీర్మానం కాదు, స్వాగతోపన్యాసం.

హోస్ట్: సార్ ముందు ఎర్ర గుడ్డ అట్ట వేసిన లావు పుస్తకం ఒకటి ఉంది. కిరాణా కొట్లో ఖాతా పుస్తకంలా పొడుగ్గా. పేజీకి ఒక సభ. పైన తీర్మానం, కింద గళ్లు: ప్రతిపాదించింది ఎవరు, ఎదిరించింది ఎవరు, మొదటి ఓట్లు, చివరి ఓట్లు. ఓట్లు రెండుసార్లా?

సార్: చర్చకు ముందోసారి, అయినంక ఓసారి. ఎవరికి ఎక్కువ పడ్డయన్నది మాకు లెక్క గాదు, ఎవరు ఎంతమందిని తిప్పిండ్రన్నది లెక్క. లేకుంటే మెజారిటీ దిక్కు నిలబడ్డోడు నోరు తెరవకుంటనే గెలుస్తడు.

హోస్ట్: ఈ పేజీలో ‘ఒక్కటే’ అనే మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. మీ చేతి రాతే ఇది.

సార్: అది నా ఓటమి బిడ్డా. చదువు పైకి.

హోస్ట్: ‘జంట జలాశయాలను కాపాడడానికి 111 జీవో ఒక్కటే దిక్కు.’ విననివాళ్ల కోసం జర చెప్పండి సార్.

సార్: 1908 సెప్టెంబర్ల మూసీ పొంగి సగం పట్నాన్ని ఊడ్చింది కదా. మళ్ల అట్ల కావద్దని విశ్వేశ్వరయ్యను పిలిపించుకుని, పైన నీళ్లు ఆపే ఏర్పాటు చేసిండ్రు. 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్. మనం గండిపేట అంటమే, అదే ఉస్మాన్‌సాగర్. వరద ఆపనీకి కట్టినయి మనకు తాగు నీళ్లిచ్చినయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల లోపల పెద్ద కట్టడాలు, ఫ్యాక్టరీలు రావద్దని 1996ల 111 జీవో వచ్చింది. 84 ఊర్లు. 2022ల ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చిండ్రు. ఆ దినాలల్ల పెట్టిన తీర్మానం ఇది. ప్రతిపాదించింది నేనే.

హోస్ట్: మీ కేసు బలంగానే ఉంది కదా?

సార్: నేనూ గట్లనే అనుకున్న. వరద కథ చెప్పిన, మ్యాపు పరిచిన, చప్పట్లు పడ్డయి. ఎదురుగ రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు. లేచి ఏమన్నడో తెలుసా? ‘జీవో ఉండాలె, నేను దానికి వ్యతిరేకం గాదు. ఒక్కటే అన్నందుకు వ్యతిరేకం’ అన్నడు. మురుగు నీళ్లు శుద్ధి చేయకుంటే, వాగులు కబ్జా అయితే, పైనుంచి నీళ్లు వచ్చే తొవ్వ మూసుకపోతే నీ జీవో కాగితమే కద సారూ అన్నడు. నా మ్యాపు తీసుకుని నాకే చూపించిండు! మొదటి ఓటుల పదమూడు మంది నా దిక్కు, అయినంక ఆరుగురు.

హోస్ట్: అంటే జీవో ఓడిపోలేదు, మాట ఓడిపోయింది.

సార్: రాసింది నేను, కాబట్టి నేనే. ఆ ‘ఒక్కటే’ ఎందుకు పెట్టిన్నంటే వినసొంపుగ ఉందని పెట్టిన. తెలుగు పంతులుకు ఆ రోగం ఉంటది.

హోస్ట్: ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల చర్చావేదిక ఉంది కదా, ఆక్స్‌ఫర్డ్ యూనియన్, అందులో కూడా ఇలాంటిదేదో అయిందని క్లాసులో చెప్పినట్టు గుర్తు.

సార్: 1933 ఫిబ్రవరి 9. ఎట్టి పరిస్థితులల్ల కూడా రాజు కోసం, దేశం కోసం ఈ సభ యుద్ధం చేయదని తీర్మానం. 275కు 153తోని నెగ్గింది. పిరికోళ్లని ఇంగ్లండంతా గగ్గోలు. చర్చిల్ కొడుకు ర్యాండాల్ఫ్ వచ్చి ఆ తీర్మానాన్ని రికార్డుల నుంచి కొట్టేయమని ఇంకో తీర్మానం పెట్టిండు. అది 750కు 138తోని చిత్తయింది. మా సభల దాన్ని మేం మాట మాట విప్పి చూసినం. అంత మంటకు కారణం ‘ఎట్టి పరిస్థితులల్ల కూడా’ అన్న ముక్క. దాన్ని తీసేస్తే మామూలు శాంతి చర్చ, ఎవ్వరూ పట్టించుకోరు.

హోస్ట్: మీ మాట మిమ్మల్ని ఓడగొట్టింది, వాళ్ల మాట ఊరు తగలబెట్టింది. మరి మన దగ్గర ఈ వాదించే పద్ధతి తెల్లోడి నుంచి వచ్చిందేనా?

సార్: గంట కొట్టుడు, ఓట్లు లెక్కపెట్టుడు ఆడికెల్లి వచ్చినయి. వాదన మనది. ఇంట్ల ఎవరన్నా ఎదురు మాట్లాడితే ‘వితండవాదం చేయకు’ అంటం కదా? న్యాయసూత్రాలని మన పాత తర్కగ్రంథం ఉంది, దాంట్ల చర్చ మూడు తీర్లు. నిజం తేల్చుకోనీకి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. సొంత పక్షమే లేకుండ ఎదుటోని మాట పడగొట్టుడే పనిగ పెట్టుకుంటే వితండ. ఎట్ల ఓడిపోతరో కూడ రాసి పెట్టిండ్రు, 22 నిగ్రహస్థానాలని. నువ్వు పెట్టిన ప్రతిజ్ఞను నువ్వే వదులుకుంటే ఒకటి, సంబంధం లేని దాంట్లకు జారితే ఒకటి, చెప్పిందే చెప్తే ఇంకోటి. మా దగ్గర ఒక పెద్దమనిషి ఉన్నడు, ఆ మూడూ ఒకే స్పీచుల చేస్తడు.

హోస్ట్: ఈ ఎపిసోడ్ వింటారేమో!

సార్: విననీ. మళ్లొచ్చే ఆదివారం నన్ను వితండవాది అంటడు, అంతే.

హోస్ట్: తెలుగులో వాదించడం గురించి అడగాలి. మీ వేదికలో ఇంగ్లిష్, ఉర్దూ కూడా నడుస్తాయా?

సార్: ఎవరికి ఏది వస్తే అది. దాని వెనక ఒక కథ ఉంది. 1921 నవంబర్ల ఇక్కడే హైదరాబాద్‌ల, వివేకవర్ధిని థియేటరుల సంఘ సంస్కార సభ అయింది. అధ్యక్షుడు ఆడోళ్ల చదువు కోసం పాటుపడ్డ మహర్షి కార్వే. ఇంగ్లిష్‌ల, ఉర్దూల, మరాఠీల మాట్లాడిండ్రు, అందరూ ఇన్నరు. ఆలంపల్లి వెంకట రామారావు గారు లేచి ఒక తీర్మానం మీద తెలుగుల మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టిండ్రు. తెలుగోళ్లు ఎక్కువున్న నిజాం రాజ్యంల! అది మనసుల పెట్టుకునే తెలుగోళ్లు ఆంధ్ర జన సంఘం పుట్టించిండ్రు. నేనెప్పుడు గంట కొట్టినా ఆయన యాదికొస్తడు. గంట మా దగ్గర అందరికీ ఒకటే, అయిదు నిమిషాలకు.

హోస్ట్: గంట అంటే... ఇది పూజ గంటే కదా సార్?

సార్: నాలుక ఊడిపోయింది. స్పూనుతోని కొడతం. (టంగ్)

హోస్ట్: మైకు అదిరిపోయింది సార్! సరే, ఒక తీర్మానం నేను పెడతాను. ‘పాడ్‌కాస్టులు వచ్చాక ఎవరూ ఎదుటివాళ్ల మాట వినడం లేదు.’

సార్: ‘ఎవరూ’ కొట్టేయ్. ఒక్కరు విన్నా ఓడిపోతవ్. ‘వచ్చాక’ ఉంటే, అంతకుముందు విన్నరా అని అడుగుతరు. అది కూడ తీసేయ్.

హోస్ట్: ‘పాడ్‌కాస్టులు వినే అలవాటును చెడగొడుతున్నాయి.’

సార్: ఇగ చాలు. గా సాసరు ఇట్లియ్యి. చాయ్ తుడిచి. రెండు చిట్టీలు వేస్తున్న, అనుకూలం ఒకటి, వ్యతిరేకం ఒకటి. మా దగ్గర దిక్కు మనం ఎంచుకోం. తియ్యి.

హోస్ట్: (కాగితం చప్పుడు) ...అనుకూలం. సార్, ఇది నా పొట్ట మీద కొట్టుకోవడమే!

సార్: రాసింది నువ్వే కద. రెండు నిమిషాలు ఆలోచించుకో, ఆ లోపల నేను కుక్కర్ బంద్ చేసొస్త.