చర్మ క్యాన్సర్ తొలి దశ: కోయాలా, క్రీముతో సరిపోతుందా?

నమస్కారం. చర్మ క్యాన్సర్ అని తేలగానే చాలామంది మొదట అడిగేది, "కోయకుండా తగ్గదా డాక్టర్ గారూ?" అని. అడగాల్సిన ప్రశ్నే. అయితే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ విషయంలో ఆ ఆశ పెట్టుకోకండి, తొలి దశలో దానికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే బేసల్ సెల్ కార్సినోమా, అంటే చర్మం పైపొర అడుగు కణాల్లో మొదలయ్యే క్యాన్సర్ గురించే ఈరోజు చెబుతాను. ఇందులో ఎంచుకునే వీలుంది.

చిన్న మచ్చ అయితే మత్తు సూది ఇచ్చి, చుట్టూ సుమారు 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా తీసేస్తారు. తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్తుంది. అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయో లేదో అక్కడ చూస్తారు. నా దృష్టిలో శస్త్రచికిత్సకున్న అసలు బలం ఇదే. ముక్కు, కనురెప్ప, పెదవి లాంటి చోట్ల మోస్ పద్ధతి ఉంది. పొర తీయడం, వెంటనే మైక్రోస్కోపు కింద చూడటం, ఇంకా కణాలుంటే అక్కడ మాత్రమే మరో పొర తీయడం. మంచి చర్మం వృథాగా పోదు.

ఇక ఇమిక్విమోడ్ క్రీము. ఇది మన రోగనిరోధక శక్తినే ఆ మచ్చ మీదికి ఉసిగొల్పుతుంది. పైపొరల్లోనే ఉన్న రకానికి సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు రాయాలి. చర్మం ఎర్రబడి, పుండై, పొక్కు కడుతుంది. అది చూసి భయపడి మధ్యలో మానేయకండి, డాక్టరుకు చూపించండి. కుట్లుండవు, మానాక మిగిలే గుర్తు కూడా తక్కువే. మరి ఫలితం? బ్రిటన్‌లో ఈ రెండింటినీ పోల్చి చూశారు. 5 ఏళ్ల తర్వాత శస్త్రచికిత్స 97.7 శాతం మందిలో, క్రీము 82.5 శాతం మందిలో విజయవంతంగా నిలిచింది. మందు పూసి కాంతి ప్రసరింపజేసే ఫోటోడైనమిక్ చికిత్స దీర్ఘకాలంలో క్రీముకన్నా వెనకబడిందని నెదర్లాండ్స్ అధ్యయనంలో తేలింది. రేడియేషన్‌ను ఎక్కువగా ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవారికే సూచిస్తారు.

ముఖం మీద, లోతుగా ఉంటే శస్త్రచికిత్స వైపే మొగ్గమంటాను. వీపు మీద, పైపైన ఉంటే క్రీము గురించి ధైర్యంగా అడగండి. కానీ క్రీముతో అంచుల పరీక్ష ఉండదు. తిరగబెట్టడం ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది కాబట్టి ఆ ఏడాది పరీక్షలు ఒక్కటీ మానకండి. అదే చోట మళ్లీ పొలుసు లేచినా, రక్తం చెమర్చినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్లి చూపించండి.