రంగు వేసే ముందు ఉప్పు చూడండి

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఈ పది నిమిషాలూ మీకు కార్ల గురించి చెప్తాను, అరచేతిలో పట్టే కార్ల గురించి. ప్లాస్టిక్ మోడల్ కిట్లంటారు వీటిని. అట్టపెట్టె తెరిస్తే కారు ఉండదు లోపల, నాలుగైదు ప్లాస్టిక్ ఫ్రేములుంటాయి, ఆ ఫ్రేములకి చింతకాయలు వేలాడినట్టు ముక్కలు అతుక్కుని ఉంటాయి, సీటొకటి, స్టీరింగొకటి, అద్దం ఒకటి, చక్రానికి రెండు మూడు ముక్కలు. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, అంచులు రుద్ది, రంగు వేసి, అతికించి కారు చెయ్యాలి. అంతేనండీ హాబీ. అంతేనా అంటే, అంతే, కానీ నాకు ఒక్కో కారుకి మూణ్ణెల్లు పడుతుంది, విశాఖపట్నంలో ఉంటున్నాను కాబట్టి ఒక్కోసారి ఇంకో నెల ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువ నెల ఎందుకో, దాని గురించే ఇవాళ నా మాటంతా.

ముందు కొలత సంగతి చెప్పాలి, ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఎక్కువ కార్ల కిట్లు ఇరవైనాలుగో వంతులో ఉంటాయి. అసలు కారు మీద ఒక అడుగు మోడల్ మీద అరంగుళం. నాలుగు మీటర్ల పైచిలుకు కారు 17 సెంటీమీటర్లకి వచ్చేస్తుంది. అన్నీ ఇరవైనాలుగో వంతుకి తగ్గిపోతాయి. అన్నీ తగ్గుతాయి గానీ రంగు మాత్రం తగ్గదు. ఇది కాస్త గుర్తు పెట్టుకోండి, రంగు తగ్గదు. అసలు కారు మీద పెయింటంతా కలిపితే మందం 0.1 మిల్లీమీటర్ అటూ ఇటూ ఉంటుంది. అసలు కారు డోరుకీ బాడీకీ మధ్య సందు ఓ ఐదు మిల్లీమీటర్లనుకోండి, మోడల్ మీద అది 0.2 మిల్లీమీటర్లు. ఇటు అంచు మీద 0.1 రంగు, అటు అంచు మీద 0.1 రంగు, సందు పూడిపోయింది. డోరు పోయి గీత మిగిలింది. అందుకే మా వాళ్ళందరూ ఒకే మాట చెప్తారు, పల్చగా వెయ్యి, ఆరనియ్, మళ్ళీ పల్చగా వెయ్యి.

ఈ కిట్లకి పేరున్న ఊరు జపాన్‌లో షిజుఓకా. టామియా అనే కంపెనీ అక్కడిదే, 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క బొమ్మలు చేసి, తర్వాత ప్లాస్టిక్‌లోకి వచ్చింది. ఏటా మే నెలలో ఆ ఊళ్ళో హాబీ షో జరుగుతుంది. నాకైతే ఈ కథ వింటే మన ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి, అంకుడు కర్ర, లక్క, తిరిగే తరిణె మీద లక్క పెడితే ఆ రాపిడి వేడికే కరిగి కర్రకి పట్టేస్తుంది, ఆ పైన మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. అక్కడ కూర్చుని చూసిన ప్రతిసారీ అనుకుంటాను, రంగు పట్టించడం అనేది ఎంత పెద్ద విద్యో అని. నాకు ఆ విద్య లేదు. స్ప్రే డబ్బా ఉంది. దాంతో నేను పడ్డ తిప్పలు చెప్తాను.

ఒక శ్రావణ మాసం. 1966 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్, టామియా కిట్టు. గుండ్రటి బండి అది, ఎక్కడా సరళరేఖ ఉండదు, నాకు అందుకే ఇష్టం. బాడీ సబ్బు నీళ్ళతో కడిగాను, ఎందుకంటే అచ్చులోంచి ప్లాస్టిక్ ఊడి రావడానికి వాడే జిడ్డు ఇంకా దాని మీద ఉండొచ్చు, అది ఉంటే రంగు పట్టదు. అచ్చు గీతలు వాటర్ పేపర్, అంటే నీళ్ళల్లో తడిపి రుద్దే గరుకు కాగితం, పెట్టి రుద్దాను, నాలుగొందల నంబరు, ఆరొందలు, వెయ్యి. డోరు సందులు సూదితో కాస్త లోతు చేశాను. రంగుకి ముందు వేసే అడుగు పూత, ప్రైమర్ అంటారు, అది వేశాను. అంతా బాగుంది. రంగు ముదురు ఎరుపు, పాత అల్లనేరేడు పండు తొక్కలాగా ఉండేది. దుమ్ము పడకూడదని బాడీని ఏసీ గదిలో పెట్టాను, రాత్రంతా ఉంచాను. మర్నాడు పగలంతా వాన, సాయంత్రం తెరిపి ఇచ్చింది, ఇదే మంచి సమయం అనుకుని బాడీ తీసుకుని ఎంవీపీ కాలనీలో మా ఇంటి బాల్కనీలోకొచ్చి స్ప్రే కొట్టాను. ఎంత అందంగా పడిందో చెప్పలేను. నిమిషం. నిమిషంన్నర. నా కళ్ళ ముందే బానెట్ మీద తెల్లగా, విభూది పూసినట్టు, పొరలాగా లేచింది. తుడిస్తే పోదు. లోపల్నుంచి తెల్లబడింది.

రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడో రోజు కంచరపాలెం వైపు మాకు తెలిసిన ఒక పెయింటింగ్ షెడ్డుంది, అక్కడికి పట్టుకెళ్ళాను. అక్కడి పెయింటర్‌ని అందరం మావయ్యా అనే పిలుస్తాం, అంబాసిడర్ల రోజుల నుంచీ స్ప్రే గన్ను పట్టిన మనిషి. ఒక టిఫిన్ బాక్సులో పెట్టి తీసుకెళ్ళిన కారుని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నవ్వలేదండీ, అసలు నవ్వలేదు, రోజూ షెడ్డులోకొచ్చే బండిని చూసినట్టే చూశాడు.

"ఏ రోజు కొట్టావు బాబూ?"

"మొన్న సాయంత్రం మావయ్యా."

"వానెలిసాకా? రంగుది తప్పు కాదు, గాలిది. నీరు పట్టేసింది రంగులోకి."

తర్వాత చెప్పాడు, అదెలాగో. రంగులో ఉన్న తిన్నర్ గబగబా ఆవిరైపోతుంది కదా, ఆవిరయ్యేటప్పుడు వేడి లాక్కుపోతుంది, ఇంజక్షన్‌కి ముందు నర్సమ్మ స్పిరిట్ దూది రాస్తే చెయ్యి చల్లబడదూ, అలాగే. రంగు పైభాగం చల్లబడుతుంది, గాలి తడిగా ఉంటే ఆ చల్లదనానికి గాల్లో నీరు ఆ పచ్చి రంగు మీదే దిగిపోతుంది, రంగు ఆరేలోపు అందులోనే ఇరుక్కుంటుంది. ఆ తెలుపు అదే. నేను ఇంకో పని కూడా చేశాను కదా, రాత్రంతా ఏసీలో పెట్టిన బాడీని తీసుకొచ్చి తడి గాల్లో పెట్టాను, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకి చెమట పడుతుంది చూడండి, రంగు పడకముందే నా కారుకి ఆ చెమట పట్టి ఉంటుంది, కంటికి ఆనలేదంతే.

మరి బాగు చెయ్యడం ఎలా? షెడ్డులో అయితే రిటార్డర్ అని ఒకటుంటుంది, నెమ్మదిగా ఆరే తిన్నర్, అది తెల్లబడిన చోట తుంపరగా కొడితే రంగు మళ్ళీ కాస్త మెత్తబడి నీరు బయటికి పోతుంది. నేను ఆశగా చూశాను. మావయ్య కొట్టలేదు. "ఇదేటి ప్లాస్టిక్కు?" అనడిగి, నేను జేబులో తెచ్చిన ఫ్రేము ముక్క మీద షెడ్డు తిన్నర్ ఒక చుక్క వేశాడు. ఇద్దరం చూస్తూ ఉన్నాం. ముక్క మెత్తబడి, జిగురైపోయి, వేలికి అంటుకుంది. కార్ల షెడ్డు తిన్నర్‌కి ఈ పాలిస్టైరిన్ ఆగదు. "సూసావా, సబ్బుబిళ్ళ కరిగినట్టు కరిగిపోతాది, నా మందు నీ బండికి పనికిరాదు" అని కారు నా చేతిలో పెట్టేశాడు. ఆ ఒక్క చుక్క ముందు ఫ్రేము ముక్క మీద వేసి చూడడం ఉంది చూశారూ, అది నేను ఆ రోజు నేర్చుకున్నాను, ఇప్పటికీ కొత్త డబ్బా ఏది కొన్నా ముందు ఫ్రేము మీదే.

ఆయన చెప్పిన వైద్యం ఇదీ. నాలుగు రోజులు ఆరనియ్. రెండువేల నంబరు వాటర్ పేపర్ నీళ్ళల్లో నానబెట్టి, ఒక చుక్క సబ్బు వేసి, నొక్కకుండా రుద్దు, అంచుల జోలికి పోకు, అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, తొందరగా ప్లాస్టిక్ బయటపడుతుంది. ఆ తర్వాత పొడి గాలి ఉన్న రోజు చూసి మళ్ళీ పల్చగా కొట్టు, కొత్త రంగు పాతదాన్ని కాస్త కరిగించి కలిపేసుకుంటుంది, తెలుపు పోతుంది.

పొడి గాలి ఉన్న రోజు. విశాఖపట్నంలో. శ్రావణంలో. ఎలా తెలుస్తుంది మావయ్యా అనడిగాను.

"ఇంట్లో ఉప్పు లేదేటి?"

ఇదేనండీ నేను ఇవాళ చెప్దామనుకున్న ముక్క. రాళ్ళుప్పు ఒక చిటికెడు పాత పేపరు మీద పల్చగా చల్లి, రంగు ఎక్కడ వేద్దామనుకున్నారో అక్కడే ఒక గంట ఉంచండి. గంట తర్వాత పేపరు కింద తడి మరక కనిపించినా, ఉప్పు ఒకదానికొకటి అంటుకున్నా, ఆ రోజు రంగు వద్దు. పేపరు ఎత్తి ఊపితే ఉప్పు గలగలా జారిపోతే వేసుకోండి. ఇందులో లెక్క ఉంది. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరు పీల్చుకోవడం మొదలెడుతుంది, రాళ్ళుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే తడుస్తుంది, అంటే మనకి ముందుగానే చెప్పేస్తుందన్నమాట. మా వంటింట్లో నౌపడ ఉప్పుండేది, దాన్నే చల్లాను. ఒక రోజు తడిసింది. రెండో రోజు తడిసింది. మూడో రోజు, నాలుగో రోజు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఉప్పు జారింది. గబగబా స్ప్రే డబ్బా గోరువెచ్చని నీళ్ళల్లో ఐదు నిమిషాలు పెట్టాను, గోరువెచ్చనివే, పొయ్యి దగ్గరికి మాత్రం ఆ డబ్బాని తీసుకెళ్ళకండి, పేలుతుంది. కాస్త వెచ్చబడితే తుంపర సన్నగా వస్తుంది. బాడీ కూడా ఈసారి రాత్రి నుంచీ ఆ బాల్కనీ గాల్లోనే, ఒక ప్లాస్టిక్ బుట్ట కింద బోర్లించి ఉంచాను. ముక్కుకి మాస్కు. మూడు పల్చటి పొరలు, పొరకీ పొరకీ మధ్య ఇరవై నిమిషాలు. తెల్లబడలేదు. కింద ఉన్న పాత తెలుపు కూడా పోయింది.

మళ్ళీ టిఫిన్ బాక్సులో పెట్టి తీసుకెళ్ళాను. మావయ్య దాన్ని షెడ్డులో ట్యూబ్‌లైటు కిందకి పట్టుకెళ్ళి, బాగుందని గానీ బాలేదని గానీ అనకుండా, నెమ్మదిగా తిప్పుతూ ఆ ట్యూబ్‌లైటు నీడ బాడీ మీద ఎలా పాకుతోందో చూశాడు. అసలు కార్లని కూడా అలాగే చూస్తారట, రంగుని కాదు, రంగులో పడ్డ లైటుని. ఆ తెల్ల గీత ఎక్కడా వణక్కుండా వెళ్తే పని బాగున్నట్టు. ఎడమ మడ్‌గార్డ్ దగ్గర ఆపాడు. "ఇక్కడ వంకర పోయింది సూడు." చూశాను. పోయింది. అచ్చు గీత రుద్దినప్పుడు అక్కడ ఎక్కువ నొక్కాను, చదునైపోయింది, ప్రైమర్ ముందే పట్టుకోవాల్సింది. అప్పట్నుంచి నా కార్లన్నీ ప్రైమర్ వేశాక ట్యూబ్‌లైటు కింద తిరుగుతాయి.

సమయం అయిపోతోంది, రెండు చిన్న విషయాలు చెప్పేస్తాను. కారు అద్దాలకి ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరి తగిలి అద్దం తెల్లగా మసకబారిపోతుంది, అది ఇంక పోదు. ఫెవికాల్ పుల్లతో సన్నగా రాయండి, తెల్లగా కనబడుతుంది గానీ ఆరాక గాజులా అయిపోతుంది, పొరపాటు పడితే తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. ఇంజిన్ ఉన్న కిట్టు అయితే ప్లగ్గు వైర్లు కిట్టులో చాలాసార్లు రావు, అసలు వైరు ఏడు మిల్లీమీటర్లుంటుంది, ఇరవైనాలుగో వంతు అంటే 0.3 మిల్లీమీటర్లు, అది ముప్పై గేజ్ రాగి తీగ, మీ వీధిలో ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగ్ కట్టే షాపులో అడిగితే బారెడు ఊరికే ఇచ్చేస్తారు. వైర్లు ఇష్టమొచ్చినట్టు పెట్టకండి దయచేసి, నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో చాలావాటికి సిలిండర్లు మండే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు, అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌దీ అదే వరస. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద ఆ వరసలో దిగి, ఏ సిలిండర్ వైరు ఆ సిలిండర్‌కే వెళ్ళాలి. బానెట్ ఎత్తి చూసేవాళ్ళు పదిమందిలో ఒకళ్ళే ఉంటారు, ఆ ఒక్కళ్ళూ మెకానిక్ అయ్యుంటారు.

తేమ కొలిచే చిన్న మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, నా దగ్గరా ఉంది ఒకటి, గోడకి ఉంది. అయినా ఉప్పు మాన్లేదు. ఇవాళ పొద్దున్న కూడా బాల్కనీలో పేపరు పరిచి, ఉప్పు చల్లి, పక్కన బుట్ట కింద ఒక సుజుకీ జిమ్నీ కారు బాడీ ప్రైమర్‌తో బోర్లించి ఈ స్టూడియోకొచ్చాను. రికార్డింగ్ గంటలోపే అయిపోతుందన్నారు. ఇంటికెళ్ళి పేపరు ఎత్తి చూడాలి. ఉంటానండీ, నమస్కారం.